క్వారీ చేసి వదిలేసిన మూడెకరాల్లో మన ఊరి చెట్లే మళ్ళీ పెంచాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

బాగేపల్లి కుర్రాడు:
అందరికీ నమస్తే. నేనుండేది బెంగళూరు మారతహళ్ళిలో, సొంతూరు బాగేపల్లి పక్కన. మా నాయన గట్టు కింద మూడెకరాలు రాయి క్వారీకి లీజుకిచ్చారు, లీజు అయిపోయింది, వాళ్ళు మెషీన్లు ఎత్తుకుని వెళ్ళిపోయారు, మిగిలింది ఒక పెద్ద గుంత, కంకర కుప్పలు, ఎక్కడ చూసినా తెల్లటి డస్టు. మా అవ్వ ఆ గట్టు మీదే తంగేడు పూలు కోసుకొచ్చేది, నాకు బాగా గుర్తు. పోయిన జూన్‌లో జేసీబీతో మూడడుగుల గుంతలు తీయించి వేప, నేరేడు, చింత కలిపి 200 మొక్కలు పెట్టాను, ఇప్పుడు బతికున్నవి 11. నీళ్ళు లేక పోయాయనుకున్నా, కానీ ఒకటి పీకి చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి, మట్టి మురుగు కాలవ వాసన కొట్టింది. సర్కారు తుమ్మ మాత్రం ఎవరూ నాటకుండానే లేస్తోంది. ఊర్లో అందరూ నీలగిరి వేసెయ్ అంటున్నారు, నాకు మనసొప్పట్లేదు. చెప్పండి ప్లీజ్.

కానుగనీడ:
తమ్ముడూ, ఆ వాసనతోనే తెలిసిపోతోంది. బండలో జేసీబీతో గుంత తీస్తే అది నీళ్ళ తొట్టి అయిపోతుంది, వానొస్తే నిండుతుంది, నీళ్ళు దిగడానికి దారుండదు, వేళ్ళకి గాలాడదు. పైన క్రషర్ డస్టు వాన పడి ఎండితే సిమెంటులా గట్టిపడుతుంది. ముందు ఆ పెచ్చు పగలగొట్టించు, లారీలు తిరిగి గట్టిపడ్డ చోట వాలుకి అడ్డంగా రిప్పర్, అంటే నేలని లోతుగా చీల్చే ఇనుప కొక్కెం, లాగించు, కంకర రాళ్ళతోనే అడ్డకట్టలు పేర్పించు, కొట్టుకొచ్చే మట్టి అక్కడ ఆగుతుంది. మొదటి రెండేళ్ళు చెట్ల గురించి ఆలోచించొద్దు. జనుము, పిల్లిపెసర చల్లి అక్కడే దున్నెయ్, కట్టల మీద బోదగడ్డి, వెంపలి రానివ్వు. చెరువు మట్టి తోలిస్తే మంచిదే, కాకపోతే మీ చెరువుకి హెబ్బాళ-నాగవార వ్యాలీ పథకం నీళ్ళు, అంటే బెంగళూరు మురుగుని శుద్ధి చేసి పంపేవి, వస్తుంటే ముందు ఆ మట్టి టెస్ట్ చేయించు. హెబ్బాళ దాటాక జీకేవీకే, అదే వ్యవసాయ యూనివర్సిటీ, ఉంది కదా, మట్టి పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో), ఈసీ (ఉప్పు ఎంతో) కూడా చూపించుకో. నీలగిరి వద్దన్నావు చూడు, ఆ మాట మీదే ఉండు.

గుర్గావ్ నుంచి వచ్చినోడు:
నేను నాలుగేళ్ళు గుర్గావ్‌లో పనిచేశా, అక్కడ ఆరావళి బయోడైవర్సిటీ పార్క్‌ కూడా ఒకప్పుడు రాయి తవ్విన చోటే, 2010లో మొదలుపెట్టారు, 2022లో దేశంలోనే మొదటి ఓఈసీఎమ్‌గా, అంటే అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడే చోటుగా, గుర్తింపొచ్చింది. అక్కడ నర్సరీలో దొరికే మొక్కలతో సరిపెట్టుకోలేదు, ఆరావళి కొండల మీద ఏముండేవో వెతికి విత్తనాలు తెచ్చి పెంచారు. జోధ్‌పూర్ కోట పక్కన రావ్ జోధా పార్క్ కూడా చూడండి, 2006లో చెట్ల మీద పుస్తకాలు రాసిన ప్రదీప్ కృషన్ మొదలుపెట్టారు, నిండా సర్కారు తుమ్మే, పైన కొడితే మళ్ళీ చిగురించేది. బండ పని తెలిసిన ఖండ్వాలియాలు సుత్తితో తట్టి, శబ్దం విని ఎక్కడ మెత్తగుందో కనిపెట్టి అక్కడ తవ్వేవాళ్ళట. మీ ఊర్లో బండ కొట్టే పెద్దాయన ఎవరైనా ఉంటే జేసీబీ కన్నా ముందు ఆయన్ని పిలవండి.

హెబ్బాళ అక్క:
సర్కారు తుమ్మ విషయంలో ఒక మాట, అంతా ఒకేసారి పీకించొద్దు, ఎండకి నేల మాడిపోతుంది. ఒక పట్టీ తీసెయ్, వేళ్ళ మొదలుతో సహా, అక్కడ మనవి నిలబడ్డాక ఇంకో పట్టీ. చుట్టూ ముందు తంగేడు, బందారు వెయ్, రెండూ మేకలు ముట్టవు, వాటి మధ్యలో మిగతావి తలెత్తుతాయి. తర్వాత కలివి, రేగు, పాలకొడిసె, ఊడుగ, చండ్ర, మోదుగ, రేల. నేరేడుకి తడి కావాలమ్మా, దాన్ని గుంత ఒడ్డునే పెట్టు. మోదుగ కాయలు మే నెలలో రాలతాయి, కాయ చివర ఒకటే పల్చటి గింజ ఉంటుంది, ఆలస్యం చేస్తే మొలవదు, అప్పటికప్పుడే నాటు. రేల గింజ మాత్రం రాయిలా ఉంటుంది, గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది రాత్రంతా నానబెట్టు. ఫారెస్ట్ వాళ్ళ కృషి అరణ్య ప్రోత్సాహ యోజనెలో ముందే రిజిస్టర్ అయి రేంజ్ నర్సరీలో మొక్కలు తీసుకుంటే, బతికిన మొక్కకి మూడేళ్ళలో కలిపి 125 రూపాయలు ఇస్తారు, అడుగు. ఇంకోటి, ఆ గుంత పూడ్పించకు, అంచున కంచె మాత్రం వేయించు, అలాంటి రాతి గోడల అరల్లో కొండగూబలు గుడ్లు పెడతాయి.

బాగేపల్లి కుర్రాడు:
అక్కా, గుంత పడమటి గోడ మీద తెల్లటి రెట్ట చారలు ఉన్నాయి, పావురాలవి అనుకున్నా, ఈ శనివారం పొద్దు మునిగేదాకా కూర్చుని చూస్తా. కానుగనీడ అన్నా, ఈ వానలకి రిప్పర్, జనుము, అంతే. మా అవ్వకి ఫోన్ చేశా, బందారు ఆకు వాసన బట్టే చెప్తానంది, పక్క గట్టు మీద ఇంకా ఉందట, విత్తనాలకి తనని కూడా తీసుకెళ్తున్నా.