పాత కారు, పాతబడిన కారు: స్పోర్ట్స్ కారు వయసు నడిపేవారికి ఎక్కడ తెలుస్తుంది?

మలుపుదారి:
స్పోర్ట్స్ కారు స్టీరింగ్ పట్టుకుని నాలుగు మలుపులు తిరిగేలోపే అది కొత్త తరం బండో, వెనకటి తరం బండో మనకు తెలిసిపోతుంది. దేన్ని బట్టి తెలుస్తుందన్నదే నా ప్రశ్న. తయారైన ఏడాదిని బట్టి మాత్రం కాదని నా వాదన. పాత కారు వేరు, పాతబడిన కారు వేరు.

ఫెరారీ 1997లో ఎఫ్355 కారుకు ఫార్ములా వన్ తరహాలో స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే ఏర్పాటు తెచ్చింది. క్లచ్ పెడల్, గేరు రాడ్డు ఉన్న రకమూ దొరికేది. ఈనాడు ఆ రెండింటినీ నడిపితే వయసు బయటపడేది మీటల కారుకే. లోపల ఉన్నది ఒకే క్లచ్. దాన్ని మన కాలికి బదులు హైడ్రాలిక్ ఒత్తిడి కదుపుతుంది. గేరుకూ గేరుకూ మధ్య బండి ఒక్క క్షణం తటపటాయించి, తల ముందుకు వాలేలా కుదిపి, మళ్లీ అందుకుంటుంది. తర్వాత వచ్చిన జంట క్లచ్ గేరుపెట్టెలు ఆ విరామాన్ని చెరిపేశాయి కాబట్టి ఆ లోపం ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. గేరు రాడ్డుకు ఆ బాధ లేదు. వేగంలో అది ఎవరితోనూ పోటీకి దిగలేదు.

గ్రీజుచేతులు:
గేరుపెట్టె విషయంలో మీతో పేచీ లేదు మలుపుదారి గారూ. కానీ మీరు చేత్తో తాకే భాగాల దగ్గరే ఆగిపోయారు. నేను ఈ కార్లకు మరమ్మతులు చేసేవాణ్ని. నా అనుభవంలో వయసు ముందు తెలిసేది బాడీ బిగువులో. పైకప్పు తెరిచే పాత రెండు సీట్ల కారును గతుకుల మీద నడుపుతూ లోపలి అద్దం చూడండి: వెనక వస్తున్న బండి అందులో వణుకుతూ కనిపిస్తుంది. బాడీ మెలితిరగడమే కారణం. అది మెలితిరుగుతుంటే సస్పెన్షన్ ఎంత బాగా పనిచేసినా ఫలితం చేతికి చేరదు. ఇప్పటి కార్లలో మరింత గట్టి ఉక్కు, అల్యూమినియం, అతుకుల్లో జిగురు వచ్చాక ఆ వణుకు చాలావరకు పోయింది. డ్రైవరు కారణం చెప్పలేకపోవచ్చు, కానీ కొత్త బండిలా ఉందనే మాట అక్కడి నుంచే వస్తుంది.

ఇంకొక మాట. కాలం చెల్లిన కారు అని నా దగ్గర పెదవి విరిచేవారిలో చాలామంది నడుపుతున్నది అరిగిపోయిన కారు. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతాయి. షాక్ అబ్జార్బర్లు చేవ కోల్పోతాయి. టైర్ల మీద తయారీ ఏడాది చూస్తే ఒక్కోసారి పదేళ్లు దాటి ఉంటుంది. అవన్నీ మార్చి ఇస్తే అదే మనిషి అదే కారును మెచ్చుకుంటూ తీసుకుపోతాడు. దయచేసి అరుగుదలను పాతదనం ఖాతాలో రాయకండి.

నిశ్శబ్దవేగం:
నాకు ఒక్కటే కొలత. కాలు అడిగాక చక్రం జవాబివ్వడానికి ఎంతసేపు పడుతుంది? 1975 నాటి పోర్షే 911 టర్బోలో యాక్సిలరేటర్ తొక్కి టర్బో, అంటే పొగ ఒత్తిడితో తిరిగి ఇంజన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం, పుంజుకునే దాకా వేచి ఉండాలి. మలుపు మధ్యలో ఉన్నట్టుండి పుంజుకుందంటే వెనక చక్రాలు పట్టు తప్పేవి. విద్యుత్ మోటారు అలవాటయ్యాక ఇప్పటి టర్బో ఇంజన్లలో మిగిలిన కాస్త జాప్యం కూడా నాకు వెనకటి కాలంలా తోస్తుంది. విద్యుత్ కార్ల బరువు సంగతి ఒప్పుకుంటాను. హ్యుందాయ్ వారి విద్యుత్ కారు అయోనిక్ 5 ఎన్ 2,200 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, బ్రేకు వేసే చోట అది తెలుస్తుంది.

మలుపుదారి:
మరి 2008 నాటి టెస్లా రోడ్‌స్టర్‌ను ఏ గాటన కడతారు? విద్యుత్ మోటారు, లిథియం బ్యాటరీలు, కానీ పవర్ స్టీరింగ్ లేదు. దానికి ఆధారమైన తేలికపాటి స్పోర్ట్స్ కారు లోటస్ ఎలీస్ నుంచి వచ్చిన వారసత్వం అది. 1992లో వచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1ది ఇంకా విచిత్రం: కార్బన్ ఫైబర్ ఛాసిస్, 627 హార్స్‌పవర్, 1,138 కిలోల బరువు. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు. దాన్ని పాతబడిందనడానికి నాకు నోరు రాదు. 2011లో 911కు విద్యుత్ పవర్ స్టీరింగ్ పెట్టినప్పుడు ఎంతోమంది నొచ్చుకున్నదీ ఇందుకే. రోడ్డు గరుకు అరచేతికి అందడం తగ్గింది. దాన్ని నేను ముందడుగు అనలేను.

తొలిగేరు:
నా వయసు 24. మా బాబాయి కారులో పవర్ సాయం లేని స్టీరింగ్‌ను పార్కింగ్ చోట తిప్పలేక భుజాలు నొప్పెట్టాయి. వేగం అందుకున్నాక మాత్రం వదలబుద్ధి కాలేదు. నాకు అన్నిటికంటే పాతగా కనిపించేవి పదిహేనేళ్ల కిందటి కార్ల తెరలు. మసక రంగులు, తాపీగా కదిలే మ్యాపులు. ఒక్క 2010 నాటి లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ మీటరు మాత్రం అలా అనిపించదు. దాని ఇంజను 0.6 సెకన్లలో నిమిషానికి 9,000 చుట్ల వేగానికి చేరుతుంది, ముల్లు ఆ వేగాన్ని అందుకోలేదని తెర పెట్టారు.

గ్రీజుచేతులు:
బాగా పట్టుకున్నారు. ఫెరారీ కూడా 2025లో అమాల్ఫీ కారు స్టీరింగ్ మీదికి, తాకితే పనిచేసే పలకల బదులు, నొక్కే మీటలను తిరిగి తెచ్చింది. చూపు రోడ్డు మీదే ఉంచి వేలితో వెతుక్కోగలిగే మీటకు కాలదోషం పట్టదు.

మలుపుదారి:
నిశ్శబ్దవేగం గారూ, మీరు చెప్పిన అయోనిక్‌లోనే లేని ఎనిమిది గేర్లను ఉన్నట్టు చూపే ఏర్పాటు ఉంది. శబ్దం, గేరు మారినప్పుడు కుదుపు, అన్నీ కల్పించినవే. తక్షణ స్పందనే ఆధునికమైతే దాన్ని ఆపి కుదుపు తెచ్చుకోవడం ఎందుకు?

నిశ్శబ్దవేగం:
మొదట నాకూ నచ్చలేదు. ట్రాక్ మీద తేడా తెలిసింది. గేర్లు, శబ్దం లేనప్పుడు మలుపులోకి ఎంత వేగంతో వెళ్తున్నానో చెవికి తెలియక ప్రతిసారీ మీటరు చూడాల్సి వచ్చేది. ఇప్పుడు మూడో గేరు శబ్దం విని బ్రేకు వదులుతున్నాను. శబ్దం కల్పితమే, అది చెప్పే వేగం నిజం. మీకు అరచేతికి కావలసింది నాకు చెవికి కావాలి.

మలుపుదారి:
పూర్తిగా ఒప్పుకోలేను, కానీ ఈ కోణంలో ఆలోచించలేదు. గ్రీజుచేతులు గారూ, నాది 1990 నాటి చిన్న రోడ్‌స్టర్. స్టీరింగ్ మధ్యలో ఉన్న వదులును ఇన్నాళ్లూ ఆ కాలపు స్వభావమనుకుని ఇష్టపడ్డాను. మీ మాట చదివి కారు కిందికి దూరి చూస్తే ముందు బుష్‌లు రెండూ చీలి ఉన్నాయి. కొత్తవి తెప్పిస్తున్నాను. బిగించాక అదే దారిలో నడిపి ఇక్కడే రాస్తాను.