మెదడుకి పాకిన లంగ్ కేన్సర్: టాబ్లెట్ చాలా, రేడియేషన్ కూడా కావాలా?

నాన్నకి ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ (అంటే కేన్సర్ కణాల్లో ఆ జన్యువు మారింది), ఎమ్మారైలో మెదడులో మూడు మచ్చలు. ఆ మార్పు మీద పనిచేసే టాబ్లెట్, ఓసిమెర్టినిబ్ 80 ఎంజీ రాశారు. ఒక డాక్టరు రేడియేషన్ కూడా ఇప్పుడే అంటారు, ఇంకొకరు ఆగమంటారు. చొక్కా బొత్తాలు పెట్టుకోడానికే కుడి చెయ్యి తడబడుతోంది, చూస్తుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఈ మందు మెదడులోకి బాగానే చేరుతుంది, అందుకే మచ్చలు చిన్నవై ఏ ఇబ్బందీ లేకపోతే కొందరికి మందుతోనే మొదలుపెట్టి ఎమ్మారైలు తీస్తూ గమనిస్తారు. కానీ చెయ్యి తడబడుతోందంటే అది లక్షణమే కదండీ, డాక్టరుకి చెప్పారా?

జవాబు 2: మూడే కాబట్టి, మచ్చల మీదే పడే రేడియేషన్ (ఎస్ఆర్ఎస్) కుదురుతుందేమో అడగండి. మా అమ్మకి తల మొత్తానికి ఇచ్చారు, మచ్చలు తగ్గాయి గానీ అడిగిందే నాలుగుసార్లు అడిగేది.

జవాబు 3: రేడియేషన్ అయిన కొన్ని నెలలకి మచ్చ పెరిగినట్టు కనిపిస్తే వెంటనే కంగారు పడకండి, నెక్రోసిస్ (రేడియేషన్ వల్ల అక్కడి కణజాలం చచ్చిపోవడం) కూడా స్కాన్‌లో అలాగే ఉంటుంది.

చెప్పలేదండీ, వయసు వల్లేమో అనుకున్నాం. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.