చుకోత్కా 'గవర్నర్' మన గవర్నరేనా?

మిత్రులారా, రష్యా కోటీశ్వరుడు రోమన్ అబ్రమోవిచ్ గురించి చిన్న పరిచయం రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. సిబ్‌నెఫ్త్ చమురు కంపెనీతో సంపన్నుడై, 2000 డిసెంబరులో 90 శాతానికి పైగా ఓట్లతో గెలిచి రష్యా ఈశాన్య కొసన ఉన్న చుకోత్కాకు గవర్నరైన మనిషి ఆయన. నేను అలవాటు కొద్దీ 'గవర్నర్‌గా నియమితులయ్యారు' అని రాసేశాను. మా బాబాయి చదివి "ఎవరు వేశారు, పుతినా?" అని అడిగారు.

తప్పు అక్కడ దొరికింది. మనకు గవర్నరంటే రాష్ట్రపతి నియమించే వ్యక్తి. అక్కడ మాత్రం ఓట్లడిగి గెలిచి, బడ్జెట్టు, జీతాలు, చలికాలానికి ఇంధనం అన్నీ చూసుకోవాల్సినవాడు. పోనీ 'ముఖ్యమంత్రి' అందామా అంటే, ఆయన్ని ఎన్నుకున్నది శాసనసభ్యులు కాదు, నేరుగా జనం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2004 చివర్లో రష్యా ఆ ఎన్నికలనే తీసేసింది. 2005లో అధ్యక్షుడు పేరు పంపితే చుకోత్కా దూమా (అక్కడి శాసనసభ) ఆమోదించి అబ్రమోవిచ్‌నే మళ్లీ కూర్చోబెట్టింది. అదే మనిషి, అదే కుర్చీ, కానీ మొదటిసారి 'గెలిచారు' అనాలి, రెండోసారి 'నియమితులయ్యారు' అన్నా తప్పు లేదు. అందుకే 'గవర్నర్' మాటను కదపకుండా క్రియ ఒక్కటే మార్చాను. 2008లో ఆ పదవి వదిలి 2013 దాకా అదే దూమాకు నాయకత్వం వహించారు, దానికి మన 'స్పీకర్' చక్కగా అతికింది.

రెండోది 'ఓక్రుగ్'. చుకోత్కా ఒక స్వయంప్రతిపత్తి ఓక్రుగ్, అంటే రష్యాలో ఒక రకం పాలనా విభాగం. ఆ మాటలో ఉన్న 'క్రుగ్' అంటే రష్యన్‌లో వలయం, మన 'మండలం'కీ మొదటి అర్థం అదే, సూర్యమండలం అంటాం కదా! ఎంత బాగా కుదిరిందో అని సంబరపడ్డాను. కానీ 1985లో మండలాలు వచ్చాక ఆ మాట వింటే మనకు గుర్తొచ్చేది ఎమ్మార్వో ఆఫీసు. చుకోత్కా 7 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే, మన రెండు రాష్ట్రాలూ కలిపినా అందులో సగం కావు. జనం మాత్రం 2002 లెక్కల్లో 54 వేల లోపు, అంటే జనాన్ని చూస్తే నిజంగా మన మండలమంతే.

'ప్రాంతం' అందామంటే రష్యాలో 'ఓబ్లాస్త్' అని ఇంకో రకం విభాగం ఉంది, దానికేం మిగులుతుంది? ప్రస్తుతానికి ఓక్రుగ్ అనే ఉంచాను. పాత తెలుగులో పాలనా విభాగాలకు సీమ, నాడు, విషయం లాంటి మాటలు ఉన్నాయి కదా, వాటిలో ఏదైనా దీనికి సరిపోతుందంటారా?