అప్‌డేట్: గ్రూపులోని మరో కంపెనీకి బదిలీ, నా సమస్య ఎలా తీరిందంటే

మాదాపూర్‌లోని మా కంపెనీ నా సమ్మతి లేకుండా అదే గ్రూపులోని మరో కంపెనీకి నన్ను బదిలీ చేయవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. నియామక పత్రాన్ని న్యాయవాదికి చూపించమన్న సలహాయే ఫలించింది. అందులోని బదిలీ నిబంధన మా కంపెనీ శాఖలకే వర్తిస్తుందని, డైరెక్టర్లు ఒకరే అయినా చట్టం దృష్టిలో రెండు కంపెనీలూ వేర్వేరు యజమానులని ఆ న్యాయవాది వివరించారు. ఉద్యోగి సమ్మతి లేకుండా సేవా ఒప్పందం మరొకరికి మారదని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం కేసులో 1989లో సుప్రీంకోర్టు చెప్పిందని కూడా ఆవిడ అన్నారు. సమ్మతే అసలు విషయం కాబట్టి, జీతం తగ్గిందా లేదా అన్న చర్చ అవసరమే పడలేదు. మేము లేఖ రాశాక, నా నాలుగేళ్ల సర్వీసును గ్రాట్యుటీకి (సర్వీసును బట్టి ఉద్యోగం వీడేటప్పుడు ఇచ్చే సొమ్ము) కలుపుతామని, మిగిలిన సెలవులు కొనసాగిస్తామని రెండు కంపెనీలూ రాతపూర్వకంగా ఒప్పుకున్నాయి. అది చేతికి వచ్చాకే సంతకం చేశాను. పీఎఫ్ గురించి నేను పడిన భయం అనవసరం: యూఏఎన్ (ఉద్యోగికి ఇచ్చే శాశ్వత పీఎఫ్ సంఖ్య) మారదు, పాత ఖాతాలోని సొమ్మును కొత్తదానికి బదిలీ చేయించుకుంటే చాలు.