ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మంటున్నారు, ఎలా మాట్లాడాలి?

2020 నుంచి ఇంటి నుంచే పనిచేస్తున్నాం, ఇప్పుడు వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రావాల్సిందే అంటున్నారు. కొత్తగా చేరినవాళ్లకి పక్కన కూర్చుని నేర్పేవాళ్లు కావాలి, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నా టీమ్‌లో మిగతావాళ్లంతా వేరే ఊళ్లలో ఉన్నారు, నేను ఆఫీసుకెళ్లినా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అవే వీడియో కాల్స్‌లో కూర్చోవాలి, దానికోసం రానూపోనూ మూడు గంటలు! పైగా మేనేజర్లకి మాత్రం మినహాయింపు, ఇదెక్కడి న్యాయమండీ?

2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన, ట్రిప్.కామ్ అనే చైనా ట్రావెల్ కంపెనీలో చేసిన అధ్యయనంలో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు తగ్గలేదు, రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. ఇది హెచ్ఆర్ ముందు పెడితే వింటారా? నేనొక్కడినే అడగాలా, అందరం కలిసి మెయిల్ పెట్టాలా? ఒక్కడినే అడిగితే నా మీద ముద్ర పడుతుందేమోనని టెన్షన్. ఇలా అడిగి ఒప్పించినవాళ్లు ఉంటే, మొదట ఎవరితో మాట్లాడారో, ఏం రాశారో చెప్పండి ప్లీజ్.