టైరు సైజు మార్చాక స్పీడోమీటర్ తక్కువ చూపిస్తోంది

ప్రశ్న: కారుకి 185/65 ఆర్15 టైర్లు (వెడల్పు 185 మి.మీ., పక్క ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 15 అంగుళాలు) తీయించి 205/65 ఆర్15 వేయించాను. మీటర్‌లో 100 ఉంటే జీపీఎస్‌లో 102 వస్తోంది. సరిచేయొచ్చా?

జవాబు: పాత టైరు వ్యాసం 621.5 మి.మీ., కొత్తది 647.5, అంటే 4 శాతం పైనే పెద్దది, ఒక్క చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది కానీ మీటర్‌కి తెలిసేది చుట్లే. కంపెనీ మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువ చూపిస్తాయి కాబట్టి మీకు తేడా 2 దగ్గర ఆగింది.

జవాబు 2: మీ మీటర్‌కి చక్రం చుట్లు చేరేది తిరిగే కేబుల్‌తోనా, ఎలక్ట్రానిక్ సెన్సార్‌తోనా? కేబుల్ అయితే గేర్‌బాక్స్ దగ్గర కేబుల్‌ని తిప్పే చిన్న గేరు తీసి, పళ్లు తక్కువున్నది వేయాలి.

అడిగినవారు: సెన్సారేనండీ.

జవాబు 2: అయితే స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) ఆ కంప్యూటర్‌లో ఉన్న టైరు సైజు మార్పించండి, అన్ని మోడళ్లలో కుదరదు. ముందు స్టీరింగ్ పూర్తిగా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి, మీటర్ కంటే అది ముఖ్యం.