హిందూ మహాసముద్రం చుట్టూ మూడు నెలలు: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ఉప్పాడ_ఒడ్డు:
అందరికీ నమస్తే. ఒక ఉద్యోగం వదిలి ఇంకోదాంట్లో చేరే మధ్యలో మూడు నెలలు ఖాళీ దొరికింది, జనవరి నుంచి. చిన్నప్పుడు మా ఊరి ఒడ్డున నిలబడి ఈ నీళ్లకు అవతల ఎవరుంటారా అని అనుకునేవాణ్ణి. శ్రీలంక, మాల్దీవులు, సీషెల్స్, మారిషస్, మడగాస్కర్, టాంజానియా, కెన్యా, ఆఖర్లో ఒమన్. ఒకే ట్రిప్‌లో అన్నీ చూసి రావాలని ఉంది. వీలవుతుందంటారా?

దివిసీమ_శ్రీను:
అన్నీ ఒకేసారి వద్దు తమ్ముడూ. మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నట్టుంటాయి గానీ దీవి నుంచి దీవికి నేరుగా విమానాలు తక్కువ. ప్రతిసారీ దుబాయో నైరోబీయో తిరిగి రావాలి. నేను రెండు విడతలుగా వెళ్లాను.

ముందు గాలి చూసుకో. జనవరి, ఫిబ్రవరిలో శ్రీలంక దక్షిణ తీరం, మాల్దీవులు, టాంజానియాలోని జాంజిబార్ దీవి బాగుంటాయి. మారిషస్, మడగాస్కర్‌కు మాత్రం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. నేను ఫిబ్రవరిలో మారిషస్‌లో ఉండగా క్లాస్ 3 తుఫాను హెచ్చరిక వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, కొట్లు మూసేశారు. గెస్ట్‌హౌస్ ఆవిడ ఉన్న బకెట్లన్నిటికీ నీళ్లు పట్టి, కిటికీలకు చెక్కలు బిగించి, మా అందరికీ బ్రెడ్డు, కొవ్వొత్తులు పంచింది. దివిసీమలో పుట్టినవాణ్ణి, తుఫానంటే ఏంటో తెలుసు. అయినా నాలుగు వైపులా సముద్రమే ఉన్నచోట ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఒమన్‌లో సలాలా చూడాలంటే జులై, ఆగస్టుల్లో వెళ్లాలి. మనకు వానలు తెచ్చే నైరుతి గాలే అక్కడ తుంపరగా పడి, ఎండిన కొండలను పచ్చగా చేస్తుంది. ఆ కాలాన్ని వాళ్లు ఖరీఫ్ అంటారు. మన ఖరీఫ్ పంటకు పేరు ఆ అరబ్బీ మాట నుంచే వచ్చింది.

నర్సమ్మ_గారి_అమ్మాయి:
కెన్యా ఉంది కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా సంగతి తేలిగ్గా తీసుకోకండి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐ.పి.ఎం.లో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఆఖరి వారం దాకా ఆగితే అపాయింట్‌మెంట్ కోసం టెన్షన్ పడాలి. మా బృందంలో ఒకాయన వేయించుకోకుండానే వచ్చారు. వెళ్లేటప్పుడు ఎవరూ అడగలేదు. తిరిగి ఇండియాలో దిగాక పట్టుకుని 6 రోజులు క్వారంటైన్‌లో పెట్టారు. కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి, పెట్టెలో పడేయకండి.

జాంజిబార్‌కు ఇంకో ఖర్చు ఉంది. 2024 అక్టోబరు నుంచి అక్కడి ఇన్సూరెన్స్ తప్పనిసరి, మనిషికి 44 డాలర్లు. మన పాలసీ ఉన్నా సరే కట్టాల్సిందే.

రాజీ_వైజాగ్:
మాల్దీవులకు పూజా విగ్రహాలు తీసుకెళ్లకూడదు. మాకు తెలియదు. మా అమ్మ బ్యాగులో బొటనవేలంత ఇత్తడి వెంకన్న స్కానర్‌లో కనబడ్డాడు. ఎవరూ కసురుకోలేదు. కవర్లో పెట్టి సీలు వేసి, రసీదు ఇచ్చి, వెళ్లేటప్పుడు తీసుకోమన్నారు. అమ్మ మాత్రం ఆ ఐదు రోజులూ రసీదును పర్సులో పెట్టుకుని పదేపదే చూసుకుంది. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఇంట్లోనే చెప్పేయండి. ఇంకొకటి, మామూలు ఫెర్రీలు శుక్రవారం చాలాచోట్ల నడవవు.

గోదారి_సుబ్బలక్ష్మి:
మారిషస్‌ను బీచ్ కోసం అనుకుంటే దాటవేసినా నష్టం లేదు బాబూ. పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ కోసం వెళ్లు. 1834 నుంచి 1920 దాకా కూలికి వచ్చిన మన దేశంవాళ్లు, దాదాపు ఐదు లక్షల మంది, ఓడ దిగి ఎక్కింది అక్కడి రాతి మెట్లే. 16 మెట్లు. చూడ్డానికి ఏమీ ఉండదు, మన చెరువు రేవులాగే ఉంటుంది. నేను మూడో మెట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను.

అక్కడ తెలుగువాళ్లున్నారు, ఉగాది అందరికీ ప్రభుత్వ సెలవు. ఒక గుడిలో రామభజన చూశాను. మధ్యలో దీపం పెట్టి దాని చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. పాడేవాళ్లలో సగం మంది ఇంట్లో మాట్లాడేది అక్కడి క్రియోల్ భాష. పాటలో ప్రతి తెలుగు మాటా మాత్రం స్పష్టంగా పలికారు. సింహాద్రి అప్పన్న పేరు వినగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

దివిసీమ_శ్రీను:
అమ్మా, మీరన్నది నిజం. ఆ తుఫాను వల్ల నేను ఘాట్ చూడలేకపోయాను, ఆ వెలితి ఇంకా ఉంది.

వరిచేను_1:
మడగాస్కర్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. అక్కడ మూడు పూటలా అన్నమే. వాళ్ల భాషలో బియ్యాన్ని, అన్నాన్ని 'వరి' అంటారు, చివరి అక్షరం సగం మింగేసి. హోటల్లో మొదటిసారి విన్నప్పుడు ఎవరో మన మనిషి మాట్లాడుతున్నాడనుకుని వెనక్కి తిరిగాను. వాళ్ల పూర్వీకుల్లో కొందరు బోర్నియో వైపు నుంచి ఈ సముద్రం దాటి వచ్చినవాళ్లు. భాష మూలం అక్కడిదే. అన్నం వండాక గిన్నె అడుగున మాడు ఉంచి, నీళ్లు పోసి మరిగించి, భోజనంతో పాటు ఆ నీళ్లు తెచ్చి పెడతారు. గోధుమ రంగులో, కాస్త మాడు వాసనతో. మా నాయనమ్మ మాడు గిన్నెలో నీళ్లు పోసుకుని తాగేది, అచ్చం అదే రుచి.

రోడ్లు మాత్రం ఘోరం. 200 కిలోమీటర్లకు ఒక రోజు పోతుందనుకో. రెండు వారాలు లేకపోతే పెట్టుకోవద్దు, అదీ మే తర్వాతే.

ఉప్పాడ_ఒడ్డు:
అందరికీ చాలా థ్యాంక్స్. ప్లాన్ మార్చాను. జనవరిలో శ్రీలంక, మాల్దీవులు, ఫిబ్రవరిలో జాంజిబార్, కెన్యా. ఉగాదికి మారిషస్, తుఫాను వస్తే రానీ. మడగాస్కర్, సలాలా ఇంకో ఏడాది. టీకాకు రేపే వెళ్తున్నా. సుబ్బలక్ష్మి గారూ, ఆ రామభజన గుడి ఏ ఊళ్లో ఉందో చెప్పగలరా?